మూడు భోజనాల ఆకలి

ఆ ఉదయం చంద్రరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. హీరోకి మధ్యాహ్నం మూడింటి దాకా అన్నం పెట్టకూడదు.

చంద్రరావు దర్శకత్వం వహించిన రెండు చిత్రాలు వరసగా పోయాయి. ఈ 1979లో మూడోది కూడా పోతే, నిడదవోలు వెళ్లి మళ్లీ పిల్లలకి లెక్కలు చెప్పుకోవడమే. ఆశంతా ఒక్క సీను మీద ఉంది. మూడు రోజులుగా తిండిలేని కథానాయకుడు ఎవరింటి అరుగు మీదో విస్తరి ముందు కూర్చుని, అన్నం చూసి కన్నీళ్లు పెట్టుకోవాలి. హీరో జగన్నాథరావు మాత్రం ససేమిరా అన్నాడు.

"నేనేడిస్తే అభిమానులు ఊరుకోరయ్యా. అక్కడో పాట పెట్టు."

నిర్మాతకీ పాటే నచ్చింది. సాయంత్రం హీరో మద్రాసు రైలెక్కుతాడు. ఈలోగా ఏడిస్తే సీను, లేకపోతే పాట. కడుపు మాడితే కన్ను దానంతటదే చెమ్మగిల్లుతుందని చంద్రరావు నమ్మకం.

షూటింగు భీమవరం దగ్గర అచ్యుతరామరాజు గారింట్లో. ఆయన భార్య సూర్యావతి గారిని చంద్రరావు పక్కకి పిలిచాడు.

"హీరోగారికి మధ్యాహ్నం దాకా ఏమీ పెట్టకండి. సీను కోసం."

"మా గుమ్మంలోకొచ్చిన మనిషికి అన్నం పెట్టొద్దంటారేంటండీ!"

"ఒక్క పూటేనండి."

ఆవిడ తలూపారు. రాజుల ఇళ్లలో తలూపడం వేరు, ఒప్పుకోవడం వేరు. పాపం, లెక్కల మాస్టారికి ఆ తేడా తెలియదు.

పదింటికి జగన్నాథరావు మేకప్ వేసుకుని పెరట్లోకి వచ్చాడు. చిరిగిన చొక్కా, కళ్ల కింద నలుపు, పీక్కుపోయినట్టు దిద్దిన బుగ్గలు. అదంతా రంగని సూర్యావతి గారికి తోచలేదు. డైరెక్టరు ఈ మనిషిని ఎన్నాళ్లనుంచి మాడుస్తున్నాడో అని గుండె తరుక్కుపోయింది. చంద్రరావు వీధిలో కెమెరా దగ్గరుండగా, వెనక వసారాలో పీట వేసి పలావు, రొయ్యల ఇగురు కొసరి కొసరి వడ్డించారు. ఇది కంపెనీ ఏర్పాటే అనుకుని హీరో తృప్తిగా తిన్నాడు.

హీరోని పస్తు పెడుతున్నారన్న కబురు గోడ దాటింది. తోడికోడలు లక్ష్మీనరసమ్మ గారు పరుగున వచ్చారు. "మా అక్క చేతిది తిని మా ఇంట తినకపోతే మాకు చిన్నతనం కాదా అండీ?" అంటూ పెరటిదారిన లాక్కెళ్లారు. అక్కడ బొమ్మిడాయ చేపల పులుసు. ఆ పక్కింటాయనకి సినిమా హాలుంది. ఆయన్ని కాదంటే బొమ్మ ఎక్కడ ఆడుతుంది? అక్కడ కోడి వేపుడు, పైన పూతరేకులు. మూడో భోజనమయ్యాక జగన్నాథరావు గోడ పట్టుకుని నడిచి వచ్చాడు. ఆ నడక చూసి నీరసమనుకుని చంద్రరావు పొంగిపోయాడు.

"ఆకలిగా ఉందా సార్?"

నోరు తెరవడం క్షేమం కాదని జగన్నాథరావు చెయ్యి మాత్రం ఊపాడు.

కెమెరామన్ అబ్రహాము సిద్ధమన్నాడు. సీనులో వడ్డించే ఇల్లాలి చేతులు సూర్యావతి గారివే. రెండు గరిటెల అన్నం పెట్టి తప్పుకోమని ఆవిడకి చెప్పారు. కానీ అలవాటుపడ్డ చెయ్యి ఊరుకుంటుందా? ఆకులో కుప్ప పోసి, గుంట చేసి, నెయ్యి నింపారు.

"తినండి బాబూ, మొహమాటపడకండి!"

జగన్నాథరావు ఆ కుప్ప వంక చూశాడు. పెదవి వణికింది. పదిహేనేళ్లుగా తెర మీద తడవని కళ్లు జలజలా కురిశాయి. రెండు చేతులూ జోడించాడు.

"చాలు తల్లీ... ఇక నావల్ల కాదు."

స్క్రిప్టులో లేని మాట అది. చంద్రరావు కట్ చెప్పలేదు. అబ్రహాము ఒక కన్ను కెమెరాకి ఆనించి రెండో కన్ను తుడుచుకున్నాడు.

"ఏడ్చేశానేంటయ్యా! తీసెయ్ అది," అన్నాడు జగన్నాథరావు, కాస్త తేరుకున్నాక.

"తీయనండి. నన్ను తీసేసినా సరే, అది మాత్రం తీయను."

హీరో ఎదుట చంద్రరావు గొంతు పెంచడం అదే మొదలు. తనకే భయమేసింది, సంతోషమూ వేసింది.

బొమ్మ వంద రోజులు ఆడింది. అన్నం ఎదురుగా ఉన్నా బతుకు మీద విసిగి చేతులు జోడించాడని జనం హాళ్లలో వెక్కి వెక్కి ఏడ్చారు. జగన్నాథరావే కబురు పెట్టి, "ఇంకో ఏడుపు సీను రాయవయ్యా," అన్నాడు. చంద్రరావు మద్రాసులో ఇల్లు అద్దెకి తీసుకున్నాడు.

ఆ సీను కోసం హీరో అచ్యుతరామరాజు గారింట్లో మూడు రోజులు మంచినీళ్లతో సరిపెట్టుకున్నాడని ఒక వారపత్రిక మెచ్చుకుంటూ రాసింది. సూర్యావతి గారు ఆ పత్రికని ఇంకెప్పుడూ గడప తొక్కనివ్వలేదు.