మిలేవా ముద్ద ముట్టలేదు

దేసిమిర్ ఇంటికి వెళ్ళి ఆకలితో తిరిగొచ్చానని చాచక్ పట్నంలో ఇంతవరకూ ఎవరూ అనలేదు. తిన్నది ఎక్కువై, ఇద్దరి భుజాల మీద చేతులు వేసి మెట్లు దిగినవాళ్ళు మాత్రం చాలామందే ఉన్నారు. ఆయన వృత్తి ఫ్రిజ్‌ల రిపేరు. ప్రవృత్తి ఎదుటివాడి పళ్ళెం నింపడం. ఆ ధీమాతోనే అక్టోబరులో ఒక శనివారం పొద్దున పామును ఇంటికి పట్టుకొచ్చాడు.

భార్య స్తామెంకా వంటింట్లో శీతాకాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాల్చి తొక్క తీస్తోంది.

"ఆ పెట్టెలో ఏమిటి?"

"చుట్టం."

"చుట్టాలు పెట్టెల్లో ఎప్పటినుంచి వస్తున్నారు?"

మూత తీశాడు. లోపల మీటరు పొడవున్న ఆఫ్రికా జాతి చిన్న కొండచిలువ. పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు. ఊడీ ఊడని కుబుసం ఒంటినిండా పేలికల్లా వేలాడుతోంది.

"భయపడకు, విషం లేదు. ఎవరికీ హాని చెయ్యదు."

"ఎలుకలకో?"

"వాటి సంగతి వేరు."

దాని కథ ఇదీ. ఒక సారా దుకాణంలో రెండేళ్ళు స్పీకరు కింద అద్దాల పెట్టెలో బతికింది. వచ్చిన ప్రతి తాగుబోతూ గ్లాసుతో అద్దం మీద టకటకా కొట్టి దాన్ని పలకరించేవాడు. దుకాణం మూతపడింది. పాత ఫ్రిజ్ తెచ్చుకోవడానికి వెళ్ళిన దేసిమిర్ దీన్ని చూసి, నేరుగా పశువుల డాక్టరమ్మ నెవెన్కా దగ్గరికి ఎత్తుకుపోయాడు. "ఎవరూ పెంచుకోకపోతే ఒక హోటలాయన అడుగుతున్నాడు, హాల్లో దీపాల కింద పెట్టుకుంటాడట" అందావిడ. మళ్ళీ అద్దం మీద టకటకలే! దేసిమిర్ పెట్టెను దగ్గరికి లాక్కుని, "నేనే తీసుకుపోతాను" అనేశాడు.

"పేరు కూడా పెట్టాను. మిలేవా" అన్నాడు భార్యతో.

"పోయిన మీ మేనత్త పేరా?"

"ఆవిడా మాట్లాడేది కాదు, ఏం పెట్టినా మెచ్చేది కాదు."

స్తామెంకా చేతులు తుడుచుకుని తీర్పు చెప్పింది. "ఇంకో మూడు వారాల్లో మన ఇంటిని కాచే పునీతుడి పండుగ. పిలవకుండానే ముప్ఫైమంది వస్తారు, మా అమ్మ వస్తుంది. ఆలోగా ఇది తింటే ఉంటుంది. తినకపోతే డాక్టరమ్మ దగ్గరికి పోతుంది. పండుగపూట నా ఇంట్లో ఒక ప్రాణి పస్తుండటానికి వీల్లేదు."

"మూడు వారాలా? మూడు రోజులు చాలు!"

డాక్టరమ్మ వివరంగానే చెప్పింది. పెట్టెలో ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా ఉండాలి. రెండు పక్కలా దూరి దాక్కోవడానికి చీకటి గూళ్ళుండాలి. పది రోజులు దాన్ని ముట్టుకోకూడదు, పలకరించకూడదు, ఎవరికీ చూపించకూడదు. ఆ తర్వాత, ఆవిడ ఇచ్చి ఫ్రీజరులో దాచమన్న చచ్చిన ఎలుకల్లో ఒకదాన్ని గోరువెచ్చగా చేసి పెట్టాలి. దేసిమిర్ అన్నిటికీ తలూపాడు. వెచ్చదనం మాత్రం, వృత్తిధర్మం కాబట్టి, ఒక్క డిగ్రీ తేడా లేకుండా అమర్చాడు. మిగతావి ఆయనకు మర్యాదగా అనిపించలేదు.

"ఇంటికొచ్చినవాళ్ళను చీకటి కొట్లో పెట్టి మొహం తిప్పుకుంటామా? మన ఇంటా వంటా ఉందా?" అని పెట్టెను హాల్లో టీవీ పక్కన పెట్టాడు, పాపం ఒంటరిదానికి తోచదని. కిటికీలన్నీ బిగించాడు.

"ఉక్కపోసి చస్తున్నాం, అవెందుకు మూశావు?" అంది స్తామెంకా.

"అడ్డగాలి తగిలితే మెడ పట్టేస్తుంది."

"దానికి ఒళ్ళంతా మెడే కదయ్యా!"

"అందుకే మరీ ప్రమాదం."

రెండో రోజుకే పెళ్ళినాటి సాక్షి వెలిజార్ దిగాడు. చాచక్‌లో పెళ్ళినాటి సాక్షి అంటే తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. మిలేవా ఎదురుగా నిలబడి, ఇంట్లో కాచిన ప్లమ్ సారా గ్లాసెత్తి, దాని ఆరోగ్యం కోసం పావుగంట ప్రసంగించాడు. తర్వాత ఇరుగు వచ్చింది, పొరుగు వచ్చింది, మూడో అంతస్తు వచ్చింది. మిలేవా తల లోపల పెట్టుకుని ఉండలా చుట్టుకుపోయింది.

"సిగ్గు. కొత్త కదా" అన్నాడు దేసిమిర్.

పదకొండో రోజున ఎలుకను వెచ్చచేసి, పట్టకారుతో పట్టుకుని ముందు కూర్చున్నాడు. "తిను తల్లీ. ఒక్కటే. నా మీద ఒట్టు. చల్లారిపోతోంది. పోనీ సగం తిను." గంటన్నర బతిమాలాడు. ఆ బతిమాలుడుకు పక్కింటివాళ్ళకు ఆకలేసింది గానీ మిలేవా తల బయటపెట్టలేదు.

డాక్టరమ్మకు ఫోను చేస్తే, "వదిలెయ్యండి అన్నానా లేదా?" అంది.

"వదిలేశానండీ. పక్కనే కూర్చుని వదిలేశాను."

పండుగ ఆరు రోజుల్లో పడింది. ఆ ఆదివారం రెండో ఎలుకా తిరస్కారానికి గురైంది. భార్య బజారుకు వెళ్ళింది. హోటలాయన దీపాలు దేసిమిర్ కళ్ళముందు మెరిశాయి. ఎలుకను పాత పేపర్లో చుట్టి, కింద చెత్తలో పారేద్దామని కోటు జేబులో వేసుకుని తలుపు తీశాడు. ఎదురుగా స్తామెంకా, రెండు బస్తాల క్యాబేజీతో.

"తిన్నదోయ్!" అనేశాడు.

"నిజంగా? మొత్తమా?"

"తోకతో సహా! ఇలా నోరు తెరిచింది, ఇలా పట్టింది..." అని అభినయించి చూపించాడు.

స్తామెంకా ఒకసారి హాల్లోకి వెళ్ళి వచ్చింది. భర్త వంక ఎగాదిగా చూసింది. "మంచిది, మాట అంటే మాటే. ఉంటుంది. ఆ కోటు విప్పు, ఎండ మండిపోతోంది. ఈ బస్తాలు ఎత్తు."

కోటు గోడకొక్కేనికి ఎక్కింది. ఆ ఏడు నవంబరులో ఎండలు దారితప్పి వచ్చాయి, దాంతో కోటూ, జేబులోని పొట్లమూ మరుపున పడి అక్కడే ఉండిపోయాయి. కొక్కెం కిందనే క్యాబేజీ పులియబెట్టే పీపా. వాసన వస్తే అందరూ పీపానే అనుమానించారు.

మర్నాడు స్తామెంకా పెట్టెను చిన్నగదిలోకి మార్పించింది. "పండుగకు హాలు కడగాలి. ఎలాగూ తింటోందిగా, ఇక నీ కాపలా అక్కర్లేదు." తలుపుకు తాళం వేసి, తాళంచెవి నడుముకున్న ఏప్రను జేబులో వేసుకుంది.

దేసిమిర్ ఆమె వెంటపడ్డాడు. "ఒక్కసారి చూసొస్తానే."

"తిన్నాక కదిలించకూడదట. డాక్టరమ్మే చెప్పింది."

"మళ్ళీ పెట్టొద్దూ?"

"నిండు కడుపు మీదా? మనిషివేనా నువ్వు?"

తినలేదంటే మిలేవా హోటలుకు పోతుంది, తిన్నదంటే పస్తులుంటుంది. బుధవారానికల్లా దేసిమిర్‌కు కూడా ముద్ద దిగడం మానేసింది. తాళంకప్ప ముందు నిలబడి, "మిలేవా, నేను పాపిష్టివాణ్ణే" అని గొణిగాడు.

శనివారం పండుగ. హాలు కిటకిటలాడుతోంది. బల్ల మీద మాంసం కూరిన క్యాబేజీ చుట్టలు కుప్పలుగా పోసి ఉన్నాయి. యజమాని కొవ్వొత్తి వెలిగించాలి, అందరూ లేచి నిలబడ్డారు.

"అగ్గిపెట్టె ఏదీ?" అన్నాడు దేసిమిర్.

"అమ్మా, నీ అల్లుడి కోటు జేబులో ఉంటుంది, కాస్త చూడు" అంది స్తామెంకా, చాలా మృదువుగా.

అత్తగారు రూజిత్సా వెళ్ళి పేపరు పొట్లంతో వచ్చింది. "ఏమిటల్లుడూ, మీ అగ్గిపెట్టె ఇంత మెత్తగా ఉంది?" అంటూ విప్పింది.

తర్వాత ఎవరు ముందు అరిచారో తేలలేదు. అత్తగారు పొట్లం విసిరితే అది క్యాబేజీ చుట్టలకు జానెడు దూరంలో పడింది. కొండచిలువ ఆరోగ్యం కోరి సారా తాగిన వెలిజార్, చచ్చిన ఎలుకను చూసి కుర్చీ ఎక్కాడు. కుర్చీ విరిగింది.

"అబద్ధం చెప్పాను!" అని దేసిమిర్ గొంతు చించుకున్నాడు. "అది తినలేదు! ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ ముద్ద ముట్టలేదు! నా అబద్ధం వల్ల లోపల మాడి చస్తోంది. తాళం తియ్యవే, నీకు దణ్ణం పెడతాను!" కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

స్తామెంకా ముసిముసి నవ్వుతో తాళంచెవి తీసింది. "నువ్వొక్కడివే రా. నోరు మూసుకుని."

చిన్నగదిలో పెట్టె మీద పాత దుప్పటి కప్పి ఉంది. ఆమె ఒక అంచు ఎత్తింది. లోపల పగిలిన పూలకుండీ పెంకులు రెండు, రెండు పక్కలా బోర్లించి ఉన్నాయి. వెచ్చటి పక్క పెంకులోంచి మిలేవా సగం బయటికి వచ్చి, ఒళ్ళు వదులుగా పరుచుకుని పడుకుంది. ఒంటి నడుమ ఇంకా కొద్దిగా ఉబ్బు.

"గురువారం నువ్వు పనికి పోయాక పెట్టాను. అరగంటలో తినేసింది" అంది గుసగుసగా.

"ఎలా? ఏమని చెప్పావు దానికి?"

"ఏమీ చెప్పలేదు. లోపల పెట్టి తలుపేసుకుని పచ్చడి చూసుకున్నాను. దాన్ని జనం లేకుండా ఉండనివ్వాలి, అంతే. వెచ్చదనం మాత్రం నువ్వే బాగా అమర్చావు, అందుకే కుదురుకుంది."

"మరి నా అబద్ధం..."

"తిన్న పాముకు ఉబ్బు ఉంటుందని డాక్టరమ్మ నాకూ ఫోనులో చెప్పింది. ఆ రోజు ఉబ్బు పాము పొట్టలో లేదు, నీ కోటు జేబులో ఉంది."

"అయితే అత్తయ్యను కావాలనే..."

"అగ్గిపెట్టె నా దగ్గరే ఉంది" అంటూ ఏప్రను జేబులోంచి తీసిచ్చింది. "మిలేవా ఉంటుంది. తాళంచెవి నా దగ్గరుంటుంది. వారానికోసారి నీళ్ళు మారుద్దువుగాని, మాట్లాడకుండా."

కొవ్వొత్తి వెలిగింది. అందరూ కూర్చున్నారు. దేసిమిర్ కొత్త మనిషయ్యాడు. గరిటె పట్టుకుని వెలిజార్ దగ్గరికి వెళ్ళి, "ఇంకో చుట్ట వెయ్యనా?" అన్నాడు.

"వద్దురా, కడుపు నిండిపోయింది."

దేసిమిర్ బుద్ధిగా తలూపి, గరిటె గిన్నెలో పెట్టేసి, మొహం అటు తిప్పుకున్నాడు.

వెలిజార్ కాసేపు ఖాళీ పళ్ళెం చూశాడు, గిన్నె చూశాడు. మొహం ఎర్రబడింది.

"ఏరా, ఒక్కసారి అడిగి ఊరుకున్నావు? నన్నేమైనా పాముననుకున్నావా?"