ఓబమ్మ జీవాలకు యాప్ వచ్చిన విధము

మనిషికి ఏం కావాలో మనిషికి తెలియదనీ, దాన్ని సేకరించడానికి ఆరుగురు ఇంజనీర్లు, ఒక ఏసీ కారు, రంగు చీటీల కట్ట తప్పనిసరి అనీ సాఫ్ట్‌వేర్ శాస్త్రం తేల్చేసింది. (చీటీలు పసుపురంగువే అయి ఉండవలెను. తెల్లచీటీ మీద రాసింది అవసరం కిందికి రాదు.)

ఆ ప్రకారం గొర్రెల యాప్ చేసే కంపెనీ వాళ్ళు మొన్న ఎండాకాలంలో దుత్తలూరు పక్క పల్లెలో దిగినారు. అవసరాల సేకరణ ముఖ్యాధికారి మల్లికార్జున మా ఆత్మకూరు పిల్లోడే. రెండేళ్ళు బెంగళూరులో ఉండొచ్చి గొర్రెను 'యూజర్ ఆస్తి' అంటున్నాడు. జీవాలు మేపుకునే ఓబమ్మను మంచం మీద కూర్చోబెట్టి, "అవ్వా, నీకేం కావాల?" అని అడిగినాడు.

"తొలకరికి ముందర సూదులు ఏయించు నాయనా. వాన పడి కొత్త గడ్డి మేస్తే చిటుకు రోగం వస్తాది. పొద్దున గెంతిన జీవం మధ్యాన్నానికి ఉండదు. నాకు పొలమైనా పింఛనైనా ఈ గొర్రెల మందే."

అవసరం ఒక్క నిమిషంలో తేలిపోయింది. ప్రక్రియకు ఇంతకన్నా అవమానం ఉందా? కాబట్టి ఇంకా లోతుగా సేకరించినారు. ఒకరోజంతా మంద వెనకే నడిచి పరిశీలించినారు (ముగ్గురికి వడదెబ్బ). ఆమె మాటను "ఒక గొర్రెల కాపరిగా నాకు సూది కావాలి, తద్వారా నా గొర్రె బతుకుతుంది" అని చీటీ రాసి గోడకు అంటించినారు. ఏది ముందు చేయాలని ఓటింగ్ పెడితే సూదికి రెండు ఓట్లు, యాప్‌లో గొర్రెబొమ్మ కన్నుకొట్టడానికి నాలుగు పడినాయి. ఓబమ్మకు ఓటు లేదు. ఆమె యూజర్ మాత్రమే.

ఆఖరి ప్రశ్న: "ఎన్ని జీవాలు అవ్వా?"

మంద లెక్క పైకి చెప్పే కాపరి మా మెట్టలో ఇంకా పుట్టలేదు. చెప్తే దిష్టి. "ఏదో నాలుగుండాయిలే నాయనా," అనింది ఓబమ్మ.

దొడ్లో తొంభై అరుస్తానే ఉండాయి. ముందురోజు వాటి వెనకే ఆరు మైళ్ళు నడిచినోడు యాప్‌లో 4 అని కొట్టినాడు. ఏందిరా అంటే, యూజర్ చెప్పిందే రాయాలి, మన కళ్ళు చూసింది కలపకూడదని రూలంట!

సూదులు తొలకరికి ముందే వచ్చినాయి. అది ఒప్పుకోవాల. నాలుగు వచ్చినాయి.

"మిగతావాటికో అబ్బయా?" అని ఓబమ్మ ఫోన్లో మొత్తుకుంది.

"అది కొత్త అవసరం అవ్వా. వచ్చే స్ప్రింటులో పెడతాను." (స్ప్రింటంటే రెండువారాల పని. వానకు ఆ సంగతి ఎవరూ మెయిల్ పెట్టలేదు.)

వాన పడింది, గడ్డి లేచింది. పదిరోజుల్లో అరవై ఎనిమిది జీవాలను పూడ్చుకుంది ఆ ముసల్ది.

నెల తిరిగినాక మల్లికార్జున మళ్ళీ లెక్క అడగను పోయినాడు. ఈసారి ఓబమ్మ దాచలేదు. "ఇరవై రెండు. రాసుకో నాయనా, ఇంకేం దిష్టి తగలతాది?"

వాడు తలొంచుకోనే కొట్టినాడు. యాప్‌లో నాలుగు పోయి ఇరవై రెండు వచ్చింది. ఆత్మకూరులో మీటింగు పెట్టిన రోజు తెర మీద పచ్చగీత నిటారుగా లేచింది: యాప్ వాడినాక ఓబమ్మ మంద అయిదున్నర రెట్లు పెరిగింది.

పక్క మండలానికి కూడా ఇదే యాప్ మంజూరైంది.