ఓవెన్‌కి అడ్డం పడ్డ సోఫా

ఆ పొద్దున వెర్నా వేసుకున్న పథకంలో ఆర్విల్‌కి ఏ పనీ లేదు. మధ్యాహ్నం, చక్రాల ఇళ్ళు నిలుపుకునే ట్రైలర్ పార్కు హాల్లో చెర్రీ పైల పోటీ. పై అంటే పిండి అప్పచ్చిలో పళ్ళు కూరి ఓవెన్లో కాల్చే తీపి వంటకం. పిండి ఒత్తడం, సొంత రాష్ట్రం మిన్నెసోటా నుంచి సీసాల్లో తెచ్చుకున్న పుల్ల చెర్రీలు అందులో కూరడం, ఓవెన్లో పెట్టడం అన్నీ ఆవిడే చూసుకుంది. అక్కడి మంచు తప్పించుకుని చలికాలం గడపడానికి ఆ దంపతులు టెక్సాస్ వచ్చిన ప్రతిసారీ ఈ పోటీలో వెర్నాకి దక్కేది రెండో బహుమతి రిబ్బనే. మొదటిది ఆర్డిస్ టోలెఫ్సన్ ఎత్తుకుపోయేది. ఈసారి కూడా ఓడిపోతే జన్మలో మళ్ళీ పిండి ముట్టనని వెర్నా ఒట్టు పెట్టుకుంది.

పని లేని ఆర్విల్ కంటే ప్రమాదకరమైన మనిషి ఆ పార్కులో ఇంకొకరు లేరు. వాళ్ళ ట్రైలర్ బాగా పాతది. దాన్ని ఒకచోట నిలిపి మీట నొక్కితే ఒక పక్క గోడ సోఫాతో సహా బయటికి జరిగి ఇల్లు విశాలమవుతుంది. మళ్ళీ ప్రయాణం పెట్టుకున్నప్పుడు దాన్ని లోపలికి జరుపుకోవాలి. ఆ జరిగే గది ఈమధ్య కిర్రుమంటోంది.

"జానెడు లోపలికి లాగితే చాలు, కింద పట్టాలకి గ్రీజు పూసేస్తా," అన్నాడు ఆర్విల్.

"ఓవెన్లో పై కాలుతోందయ్యా! ఇవాళే దొరికిందా నీకు గ్రీజు?"

"చిటికెలో పని. నువ్వు మీట దగ్గరుండు, నేను బయట నిలబడి చూస్తుంటా. చెయ్యి ఊపుతున్నంతసేపూ నొక్కు. అరచెయ్యి చూపించానంటే ఆపెయ్యి."

ఏర్పాటు బాగానే ఉంది. కాకపోతే ఆ పార్కులో గోల్ఫ్ బండి మీద ఎవరు వెళ్తున్నా చెయ్యి ఊపడం మర్యాద. ఊపలేదంటే ఒంట్లో బాగాలేదేమోనని సాయంత్రానికల్లా సూప్ గిన్నెతో దిగిపోతారు. గది జానెడు జరిగింది, ఆర్విల్ అరచెయ్యి ఎత్తబోయాడు. సరిగ్గా అప్పుడే లిండ్‌క్విస్ట్ దంపతుల బండి వచ్చింది. ఆర్విల్ చెయ్యి ఊపాడు. కిటికీలోంచి చూసి వెర్నా మీట నొక్కింది. వాళ్ళ వెనకాలే చర్చిలో పాటలు పాడేవాళ్ళంతా వరసగా బండ్ల మీద వచ్చారు. ఆర్విల్ ఒక చెయ్యి చాలక రెండు చేతులూ ఊపాడు.

సోఫా నేల మీది తివాచీని ముడతలు పెట్టుకుంటూ వచ్చి ఓవెన్ ఎదురుగా ఆగింది. మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది. ఆ తర్వాత మీట ఎటు నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. ఓవెన్ తలుపు జానెడు తెరుచుకుని సోఫాకి కొట్టుకుంటోంది.

"ఆర్విల్!" అన్న కేక పార్కు చివరిదాకా వినబడింది.

బండి చెడిందని తెలిస్తే చాలు, అక్కడి మగవాళ్ళు మడతకుర్చీలూ కాఫీ కప్పులూ పట్టుకుని వచ్చేస్తారు. ఒకాయన బ్యాటరీ అన్నాడు, ఇంకొకాయన ఫ్యూజు అన్నాడు. పక్క ట్రైలర్ హార్లన్ మాత్రం ట్రైలర్ కిందికి దూరాడు.

"మోటారు పోతే చేత్తో తిప్పడానికి ఇక్కడో హ్యాండిల్ ఉంటుందిరా ఆర్విల్. కుడి వైపుకి తిప్పాలి."

"నీకు బాగా తెలుసా?"

"తెలియకుండానే ఇంత బురదలో దొర్లుతానా?"

తిప్పారు. లోపల సోఫా ఇంకో నాలుగు వేళ్ళు ముందుకొచ్చింది. వెర్నా దాని మీదికెక్కి, ఆపండి మొర్రో అని కిటికీలోంచి రెండు చేతులూ ఊపింది.

"చూశావా, చెయ్యి ఊపుతోంది! ఇంకా తిప్పు," అన్నాడు ఆర్విల్ హుషారుగా.

తప్పు తెలుసుకుని వాళ్ళు ఎదురు తిప్పబోతే హ్యాండిల్ బిగుసుకుపోయింది. ఇప్పుడు ఓవెన్ తలుపు సందులో పిడికిలి మాత్రం పడుతుంది. పై కాలడం పూర్తయింది. వెర్నా మంట ఆర్పేసి సోఫా మీద కూలబడింది. ఎదురుగా బంగారంలా కాలిన పై కనబడుతోంది, బయటికి తీసే దారి లేదు. ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది.

ఈలోగా ఆ కమ్మని వాసన పార్కంతా తిరిగి జనాన్ని పోగుచేసింది. పోటీ నడిపే లూయెల్లా కూడా వచ్చింది. "హాల్లో ఈగ కూడా లేదు. అందరూ ఇక్కడే ఉంటే పోటీ ఇక్కడే పెడదాం," అంది. ఆవిడ వెనక ఆర్డిస్ తన పైని బండిలో పెట్టుకుని తెచ్చింది. అది పొద్దున్నే చల్లారింది, ముద్దొచ్చేలా ఉంది.

"పై అన్నాక ముక్క కోసి పెట్టాలి కదమ్మా. ఏదీ నీ ముక్క?" అంది ఆర్డిస్ కిటికీలోకి తొంగిచూసి.

ఆ మాటతో వెర్నా కన్నీళ్ళు ఇంకిపోయాయి. పొడుగు గరిటె అందుకుని సోఫా మీద బోర్లా పడుకుంది. సందులోంచి గరిటె దూర్చి, పొగలు కక్కుతున్న చెర్రీలనీ పెళుసైన అప్పచ్చినీ కలిపి తవ్వి తీసి గిన్నెల్లో వేసింది.

"ముక్క తర్వాత, ముందు నోరు తెరు!" అని కిటికీలోంచి మొదటి గిన్నె ఆర్డిస్‌కే అందించింది.

గిన్నె తర్వాత గిన్నె బయటికొచ్చింది. ఇన్నేళ్ళూ హాల్లో వరసగా పెట్టి, చల్లారి గట్టిపడ్డాక తిన్న పై ఇదేనా అన్నట్టు అందరూ మొహాలు చూసుకున్నారు. వేడివేడిగా తింటే ఇలా ఉంటుందని చేసిన వెర్నాకి కూడా ఆ రోజే తెలిసింది.

"వెర్నా చేసిన పైకి ఓటేసేవాళ్ళు చేతులెత్తండి," అంది లూయెల్లా.

కుర్చీల్లోంచి, బండ్లలోంచి, ట్రైలర్ కిందనుంచి కూడా చేతులు లేచాయి. ఆర్డిస్ చెయ్యి మాత్రం గిన్నె దగ్గరే ఉండిపోయింది. ఆవిడ అడుగున మిగిలిన రసం గీరి నోట్లో పెట్టుకుంది. నిట్టూర్చింది. పెదాలు తుడుచుకుని ఆవిడా చెయ్యెత్తింది.

కిటికీలోంచి మెడ చాపిన వెర్నాకి లూయెల్లా మొదటి రిబ్బన్ తగిలించింది. వెర్నా నవ్వుతూ ఏడ్చింది. "సాధించావే!" అని ఆర్విల్ అరిచాడు. ఇదంతా తన చలవేనన్న అనుమానం అతని గొంతులో కాస్త వినబడింది.

ఆ సంబరంలో వెర్నా మోచెయ్యి మీటకి తగిలింది. వేడెక్కి ఆగిపోయి ఈలోగా చల్లారిన మోటారు గుర్రుమంది, గది పెళ్ళికొడుకులా హుందాగా బయటికి జరిగింది. ఓవెన్ తలుపు బార్లా తెరుచుకుంది.

లోపల తోమాల్సిన పళ్ళెం ఒక్కటే మిగిలింది, అది ఆర్విల్ వాటాకొచ్చింది.