ఎస్తేరు రాయి మీద ఆరు గళ్ళు

శనివారం పొద్దున పరంజ్యోతి మాస్టారు అనుకున్న పని చాలా చిన్నది. నంద్యాలలో ఎనిమిది గంటల బస్సెక్కడం, ఆళ్లగడ్డలో దిగడం, శిల్పి ఆదినారాయణ దగ్గర భార్య సమాధిరాయి చూసి టెంపోలో వేసుకు రావడం. ఆదివారానికి ఎస్తేరు పోయి ఏడాది. ఆరాధన అయ్యాక అందరూ సమాధుల తోటకు వస్తారు.

రాయి మీద ఆమె పేరు ఒక్కటే ఉండాలి, అదీ ఆమెకిష్టమైన లిపిలో. ఎస్తేరు కంప్యూటర్ టీచరు. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర మీద ఇంగ్లీషులో పేరు కొడితే, పదహారు వందల ఏళ్ళ కిందటి గోతిక్ అక్షరాల్లో వచ్చేలా ఒక ప్రోగ్రాం తనే రాసింది. "రాండి, మీ పేరు కొట్టి చూపిస్తా" అని ఎన్నిసార్లు పిలిచినా ఆయన పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నారు. ఆమె పోయాక, ఆమె నోట్సు ముందు పెట్టుకుని, తానే ఆమె పేరు కొట్టారు. వచ్చిన ఆరు అక్షరాలనూ ఆదినారాయణ ఫోనుకు పంపారు.

ఆళ్లగడ్డలో నల్లరాయి మీద నున్నగా, సమానంగా, ఆరు ఖాళీ గళ్ళున్నాయి.

"ఏందప్పా ఇది?"

"మీరు పంపిందే సారూ. స్కేలు పెట్టి చెక్కినా."

ఫోను చూపించాడు. ఆ పాత లిపి లేని ఫోను, ఒక్కో అక్షరానికి ఒక్కో గడి చూపిస్తోంది.

"సమాధి మీద ఖాళీ గళ్ళు ఎవరన్నా చెక్కించుకుంటారా?"

"పోయిన నెల ఒకాయన మోటార్ సైకిల్ చెక్కించుకున్యాడు. నేను అడగను సారూ."

మాస్టారు, రాయి వెనకవైపు మళ్ళీ చెక్కాలని, లాప్‌టాప్ తెస్తానని చెప్పి, నంద్యాల బస్సెక్కారు. కోపం ఫోను మీదా, శిల్పి మీదా, పేపర్లు దిద్దిన తన మీదా.

మూడింటికి తిరిగొచ్చేసరికి గళ్ళు పేర్లతో నిండి ఉన్నాయి. మొదటి గడిలో ఫ్రాన్సిస్. ఎస్తేరు తమ్ముడు. తర్వాత ఐదు గళ్ళలో మిగతా బంధువులు. ఫ్రాన్సిస్ అక్కడే టీ తాగుతున్నాడు.

"ఎవరు చెక్కమన్యారు?"

"ఆదినారాయణ ఫోటో పంపినాడు బావా. ఆరు గళ్ళు, మేం ఆరుమందిమి. రాయి పెట్టించినోళ్ళ పేర్లకే అనుకున్యా."

"మీ అక్క పేరేదిరా?"

"వెనక చెక్కిస్తాండావు గదా! ఆ లిపి యాడ చదువుతారు బావా? మా పేర్లన్నా జనం చదవనీ."

అక్క పోయినవాడిని ఏం తిడతారు, మాస్టారు లాప్‌టాప్ తెరిచారు. లాప్‌టాప్ తెర వెలుగులో ఆదినారాయణ వెనకవైపు ఎస్తేరు పేరు చెక్కడం చూస్తూ పళ్ళు బిగించి కూర్చున్నారు.

ఆదివారం తెల్లవారకముందే ఫ్రాన్సిస్ మనుషులతో రాయి నిలబెట్టించాడు. ఆరు పేర్లూ రోడ్డు వైపు, ఎస్తేరు గోడ వైపు. మాస్టారు ఆరాధనలో ఒక్క పాటా పాడలేదు.

పదింటికి ఫ్రాన్సిస్ ఇంటి ముందు జనం. పాములపాడు నుంచి అతని మేనత్త సుగుణమ్మ గుండెలు బాదుకుంటూ ఆటో దిగింది. "ఒకే దెబ్బకు ఆరుమందా నాయనా! రాయి గూడా వేసినారంట!" తలుపు తీసింది ఫ్రాన్సిసే. ఆమె అక్కడే కూలబడింది.

పదకొండింటికి అతను మాస్టారి దగ్గరికి పరుగున వచ్చాడు. "బావా, బేగా రా. రాయి తిప్పిద్దాం."

"మీ పేర్లు జనం చదవద్దా?"

"చదివింది చాలు బావా!"

మధ్యాహ్నానికి ఎస్తేరు రోడ్డు వైపు తిరిగింది. రాయి తిప్పేటప్పుడు అందరికంటే గట్టిగా పట్టింది, పోయినవాళ్ళలో మొదటివాడే.