నాలుగు చేతులు, ఒక నోరు

రాష్ట్ర ప్రభుత్వం కనీస వేతనాన్ని రెట్టింపు చేసిన నెలలోనే, జీడిపప్పు కార్ఖానాలో పనిచేసే ఆడవాళ్లను ఇద్దరిద్దరిని కలిపి ఒక్కొక్కరిగా చేశారు. కూలి రెట్టింపయింది, మనుషులు సగమయ్యారు. షావుకారు మీద భారం పడలేదు. ఇటువంటి చట్టం ఇంకెక్కడా లేదని మంత్రిగారు సభలో చెప్పారు.

జీడి ఆడవాళ్లతోనే మొదలుపెట్టడానికి కారణముంది. ఒకరు పిక్కను కత్తికింద పెట్టి చీలిస్తే, ఎదురుగా కూర్చున్న మనిషి అందులోంచి పప్పు తీస్తుంది. సాయంత్రం తూకం మాత్రం ఒక్క పేరు మీదే వేయించుకుంటారు. ఎవరెంత చేశారన్న పేచీ రాకూడదని వాళ్లలో వాళ్లు పెట్టుకున్న ఏర్పాటది. దాంతో లేబర్ ఆఫీసు కాగితాల్లో బల్లకు ఒక్క మనిషే కనిపించింది. కాగితాలకు తగ్గట్టు మనుషులను సరిచేయడమే మిగిలింది.

ఊర్మిళను ఆమె బల్లకు ఎదురుగా కూర్చునే గున్నమ్మతో కలిపారు. మండల ఆఫీసులో ఇద్దరినీ ఒకే స్టూలు మీద కూర్చోబెట్టి, కాసేపాగి లేవమన్నారు. లేచింది ఒక్కరే. ఆధార్ ఫొటో స్పష్టంగా ఉందని ఊర్మిళ ముఖం ఉంచారు. కాళ్లు రెండు, కడుపు ఒకటి. పని తగ్గకూడదు కనుక చేతులు నాలుగూ ఉంచారు. నోరు ఒకటి చాలన్నారు. కూలి పెంచాలని ధర్నాలో అందరికన్నా గట్టిగా అరిచింది తనేనని గుర్తొచ్చి ఊర్మిళకు నవ్వొచ్చింది. అప్పుడు గొంతంతా తనదే. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది, గున్నమ్మకు నవ్వు రాలేదు మరి.

పనికి ఇబ్బందేమీ రాలేదు. చిక్కంతా సాయంత్రమే. ఊర్మిళ ఇంట్లో చిన్నకూతురు యామిని ఎదురుచూస్తుంటుంది. గున్నమ్మ ఇంట్లో పక్షవాతం వచ్చిన మొగుడు మంచంలో ఉన్నాడు. మనిషి ఒక్కరే కనుక ఒకరోజు ఆ ఇంటికి, ఒకరోజు ఈ ఇంటికి వెళుతున్నారు.

"వదినా, పిల్లకి జొరమొచ్చింది. ఇయ్యేళ కూడా మా ఇంటికే ఎల్దుమే" అంది ఊర్మిళ.

"నిన్న మీ ఇంటికే గదే ఎల్లినాం. మీ అన్నకి గంజి ఎవులు పోస్తారు, మంత్రిగారా?" అదే నోటితో గున్నమ్మ అంది.

దారినపోయే తోటి జీడి ఆడవాళ్లెవరూ తిరిగి చూడలేదు. వాళ్లూ అలాగే తమతో తాము తగవు పడుతూ ఇళ్లకు పోతున్నారు.

ఆ పూట జ్వరంతోనే యామిని పక్కింట్లో పడుకుంది. మర్నాడు, ఏమైనా సరే విడిపోవాల్సిందేనని ఊర్మిళ అంది. గున్నమ్మ సరేనంది.

మధ్యాహ్నం లేబర్ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. మెత్తని మనిషి, కుర్చీ వేయబోతే వద్దన్నాడు.

"ఏమ్మా, మీరు ఒకరా, ఇద్దరా? ఇద్దరమంటే ఇప్పుడే విడదీయిస్తాను. చట్టంలో ఆ వీలుంది."

"మరి పని, బాబూ?"

"పని ఒకరికే. రెండో ఆవిడ ఇంటికెళ్లిపోవచ్చు. ఎవరన్నది మీరే తేల్చుకోండి. అందులో ప్రభుత్వం కల్పించుకోదు."

'ఇద్దరం' అన్న మాటను ఊర్మిళ పొద్దుటినుంచీ సిద్ధంగా ఉంచుకుంది. నోరు తెరుచుకుంది.

"ఒక్కదాన్నే బాబూ."

"సంతోషంగానే ఉన్నావా?"

"సంతోషమే బాబూ."

ఆయన రాసుకుని పక్క బల్ల దగ్గరికి నడిచాడు. నాలుగు చేతులూ మళ్లీ పిక్కల మీదికి వెళ్లాయి.

"ఒలే, అలగ అనీసినావేటే?" అంది గున్నమ్మ మెల్లగా.

"నానెక్కడన్నాను? నువ్వే అన్నావనుకున్నాను."

పక్క బల్ల దగ్గర కూడా అదే జవాబు వినబడింది. ఆ పై బల్ల దగ్గరా అదే. అందరూ అంత కచ్చితంగా చెబుతుంటే, ఇన్నాళ్లూ ఇద్దరమనుకోవడం తన పొరపాటేనేమోనని ఊర్మిళకు సిగ్గేసింది.