తలకిందుల కొంగలు

"ప్యారిస్ నేరస్థులకు ఇక నిద్ర ఉండదు. పోన్స్‌లే రంగంలోకి దిగాడు," అని ప్రకటించాడు పోన్స్‌లే. ఆయన పక్క కొట్లో విగ్గులు కడతాడు. తీరిక దొరికితే అపరాధ పరిశోధన. ఇంతవరకూ ఆయన పట్టుకున్నది జలుబొక్కటే.

ఉర్సుల్‌కి నవ్వే ఓపిక లేదు. ఆ విలాసవస్తువుల కొట్లో పింగాణీ తుడిచేది ఆమే. మార్కీజ్ దొరసాని కొంగల బొమ్మలున్న జపాన్ గిన్నెలు రెండిచ్చి, వాటికి కంచు తొడుగులతో సింగారం చేయించమంది. రెంటినీ గడ్డిలో చుట్టి కంచుపనివాడికి పంపింది ఉర్సులే. ఈ ఉదయం తిరిగొచ్చింది మాత్రం ఒకటే. బంగారు పూత కాళ్లు, చుట్టూ చిల్లుల పట్టీ, మూత, మూతకో పిడి పెట్టించుకుని అది సుగంధపాత్రగా మారింది. పని పురమాయించిన యజమాని సరుకు కోసం ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లాడు. రెండో గిన్నె ఉర్సులే కాజేసిందని ఆయన భార్య మదాం గొద్రోన్ తేల్చేసింది. మధ్యాహ్నం దొరసాని వచ్చేలోగా దొరక్కపోతే జైలేనంది.

"కంచుపనివాణ్ణి ఒక్కమాట అడిగితే పోలా?" అంది ఉర్సుల్.

"అడిగి తెలుసుకునేదానికి నేనెందుకమ్మాయ్?"

పోన్స్‌లే నేలంతా పాకాడు. తెల్లటి పొడి దొరికింది. విషమన్నాడు. నాకి చూస్తే తన విగ్గు పౌడరే. అడుగుజాడలు కొలిచి, హంతకుడికి తన చెప్పులే సరిపోతాయన్నాడు. హత్య ఎక్కడ జరిగిందని మదాం అడిగితే, జరగబోతోందన్నాడు.

మూత మీద కొంగలు తలకిందులుగా ఉన్నాయని ఉర్సుల్ చూపించింది. జపాన్‌లో అలాగే ఎగురుతాయేమోలే అని మదాం కొట్టిపారేసింది.

చివరికి పోన్స్‌లే పాత్ర చిల్లుల్లో ముక్కు పెట్టాడు. లోపల ఎండు గులాబీలు, లవంగాలు, బయట విగ్గు పౌడరు. ఆయన తుమ్మిన తుమ్ముకి మోచెయ్యి తగిలి మూత ఎగిరింది. ఉర్సుల్ చప్పున ఆప్రాన్ చాపి పట్టింది.

మూత అందులో వెల్లకిలా పడింది. కొంగలన్నీ తలలెత్తి నిలబడ్డాయి. పిడి అడుక్కి పోయింది. ఇప్పుడది అచ్చంగా గిన్నె. ఒక గిన్నె మీద రెండో గిన్నె బోర్లించి, అంచులు కంచు పట్టీతో కప్పేశాడా పనివాడు.

"మొదట్నుంచీ నా అనుమానం ఈ మూత మీదే," అన్నాడు పోన్స్‌లే ముక్కు తుడుచుకుంటూ.

బయట దొరసాని బండి ఆగింది. మూత ఇటివ్వమని మదాం చెయ్యి చాపింది. ఉర్సుల్ ఇవ్వలేదు.

"ముందు నన్ను దొంగ అన్నమాట వెనక్కి తీసుకోండమ్మగారూ. పొద్దుట్నుంచీ ఏడ్చి ఏడ్చి చేతులు వణుకుతున్నాయి. జారిపోయేట్టుంది."

మదాం గొద్రోన్ పుట్టి బుద్ధెరిగాక ఒక పనిమనిషికి అంత తొందరగా క్షమాపణ చెప్పడం అదే మొదలు.