నడక దారి తనిఖీ సంఘం

మనిషికి రోజుకు ఇరవై నాలుగు గంటలు ఉంటాయన్నది నిరాధారమైన ప్రచారం. ఈ లెక్క మొదట ఎవరు తేల్చారో, తేల్చిన రోజున వాళ్ల ఇంట్లో వంట ఎవరు చేశారో ఏ రికార్డులోనూ లేదు. నలభై ఆరేళ్లు నిండి, ఉద్యోగం చేస్తూ, ఒక భర్తకూ ఒక అత్తగారికీ కాలేజీకి వెళ్లే ఒక కూతురికీ అన్ని వేళలా అందుబాటులో ఉండే స్త్రీకి రోజుకు మంజూరయ్యేది ఇరవై మూడున్నర గంటలే. తక్కిన అరగంట పైన ఎక్కడో ఆగి ఉంటుంది. అది కావాలంటే అర్జీ పెట్టుకోవాలి.

అర్జీ పెట్టుకున్నావిడ తూనికలు కొలతల కార్యాలయంలో పని చేస్తుంది. దుకాణాల కాటాలు ఆమె బల్ల మీదికి వస్తాయి. కిలోకు ఇరవై గ్రాములు తేడా కనిపిస్తే కాటాను పక్కన పెట్టిస్తుంది. సరిగ్గా ఉంటే ముద్ర వేస్తుంది. పద్దెనిమిదేళ్లలో ముద్ర లేని కాటాను ఒక్క పూట కూడా వాడనివ్వలేదని ఆఫీసులో ఆమెకు పేరు. భర్తది లిఫ్టుల తనిఖీ ఉద్యోగం. ఆయన ఎక్కడికి వెళ్లినా లిఫ్టు లోపల అతికించిన సర్టిఫికెట్ చదివి, తేదీ దాటిపోయి ఉంటే మెట్లెక్కుతాడు. (చుట్టాల ఇల్లు తొమ్మిదో అంతస్తులో ఉంటే కిందనుంచే ఫోన్లో పలకరించి వచ్చేస్తాడు.) అంటే ఆ ఇంట్లో పరీక్షించకుండా ఏదీ జరగదు. పిల్లను కూడా మూడు సంబంధాల జాతకాలు... కాదు, మూడు కాలేజీల మరుగుదొడ్లు చూశాకే చేర్చారు.

ఆ రోజు డాక్టరమ్మ రక్త పరీక్ష కాగితం చూసి కళ్లజోడు తీసేసింది. కళ్లజోడు తీసి మాట్లాడే డాక్టర్లు మంచిమాట చెప్పరని ఆమెకు తెలుసు.

"మాత్రలు రెండు పూటలా వేసుకుంటున్నారు, అయినా మూడు నెలల సగటు చక్కెర ఎనిమిదింబావు దగ్గరుంది. మూడు నెలలు టైమిస్తున్నా. రోజూ అరగంట నడవండి. కబుర్లు చెప్పుకుంటూ కాదు, చెమట పట్టేలా. తగ్గిందా, సరే. తగ్గకపోతే ఇక ఇన్సులిన్ సూదే."

ఆమెకు ఆ సూది కొత్త కాదు. వాళ్లమ్మకు పదకొండేళ్లపాటు ఆ సూది పొడిచింది తనే. చివరి రోజుల్లో పొట్ట మీద పొడవడానికి మెత్తటి చోటు కోసం వేళ్లతో వెతుక్కునేది. వాళ్లమ్మ గోడవైపు తిరిగి, "అయిపోయిందా?" అని అడిగేది, ఇంకా పొడవకముందే. డాక్టరమ్మ గదిలోంచి బయటికి వస్తూ ఆమె మనసులో ఒకటే అనుకుంది, ఆ అరగంట ఎక్కడున్నా సరే పట్టుకోవాలని.

మొదట ఆఫీసులో వెతికింది. మధ్యాహ్న భోజనానికి నలభై నిమిషాలు. పది నిమిషాల్లో తినేసి, కాటాల గదికీ ముద్రల గదికీ మధ్య ఉన్న వరండాలో నడవడం మొదలుపెట్టింది. అటు నలభై రెండు అడుగులు, ఇటు నలభై రెండు. మూడో రోజున సూపరింటెండెంటు గారు తలుపు దగ్గర నిలబడి నాలుగు రౌండ్లు చూశాడు.

"ఏంటమ్మా, ఎవరి కోసం వెతుకుతున్నారు?"

"ఎవరికోసమూ కాదండీ. నడుస్తున్నాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికీ కాదండీ."

"ఎక్కడికీ కాకుండా నడవడానికి మన ఆఫీసులో రూలు లేదమ్మా. పైవాళ్లు చూస్తే బాగుండదు. ఓ పని చేయండి, చేతిలో ఫైలొకటి పట్టుకోండి."

మంచి సలహాయే. ఫైలు పట్టుకుంది. ఫైలు పట్టుకుని వెళ్తున్న మనిషిని చూస్తే ఆఫీసులో ఎవరికీ ప్రాణం ఊరుకోదు. "అటే వెళ్తున్నారుగా, ఇదీ ఇచ్చేయండి మేడమ్" అని ఒకరు, "వస్తూ వస్తూ ఆ సంతకం పెట్టించుకురండి" అని ఇంకొకరు. వారం తిరిగేసరికి ఆమె చేతిలో పదకొండు ఫైళ్లు. భోజనం వేళంతా మూడు సెక్షన్లలో కుర్చీల్లో కూర్చుని, ఏ ఫైలు ఎందుకు ఆలస్యమైందో సంజాయిషీ చెప్పుకుంటూ గడిచింది. కూర్చోవడం మాత్రం మునుపటికంటే పెరిగింది.

సాయంత్రం సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఇంటికి చేరేసరికి ఏడు. కూర, బట్టలు ఆరేయడం, మడతలు, మర్నాటి చొక్కాలకు ఇస్త్రీ, అత్తగారి మోకాళ్లకు నూనె. ఇక మిగిలింది పొద్దున ఐదున్నర నుంచి ఆరు. నాలుగున్నరకు లేచి కూరలు తరిగి పొయ్యి మీద పడేస్తే, బాక్సులు సర్దేలోపు ఆ అరగంట కాస్త ఖాళీగా కనిపించింది. కాలనీ వెనక చిన్న పార్కు, దాని చుట్టూ రాళ్లు పరిచిన దారి. ఒక చుట్టు నాలుగు వందల మీటర్లు.

"రేపటినుంచి పొద్దున్నే ఓ అరగంట పార్కులో నడుస్తానండీ" అంది, అన్నాల దగ్గర.

భర్త ముద్ద కిందపెట్టాడు. "ఆ దారిని ఎవరన్నా చూశారా?"

"రోజూ చూస్తూనే ఉన్నాంగా, కిటికీలోంచి కనబడుతుంది."

"చూడటమంటే అది కాదే. పరీక్షించడం. గట్టిగా ఉందా, జారుతుందా, వెలుతురెంత. మడమ బెణికితే ఎవరు బాధ్యులు?"

"పొద్దున్నే చీకట్లో ఒక్కదానివే వెళ్తావా అమ్మాయ్?" అంది అత్తగారు. "కాలు విరిగితే ఇల్లెవరు చూస్తారు?" (కాలు ఎవరు చూస్తారన్నది తర్వాతి విషయం.)

"నేను వద్దనట్లేదు. ఒక్కసారి చూసొచ్చి, బాగుందంటే రాసిస్తా. ఆ తర్వాత నువ్వు హాయిగా వెళ్దువుగాని" అన్నాడు భర్త. ఆయన మొహంలో ఉన్న ఆదుర్దా నిజమైనదే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆమెను సర్టిఫికెట్ లేని లిఫ్టు ఒక్కటి ఎక్కనివ్వలేదు.

ఆమె ఆలోచించింది. ముద్ర పడని కాటాను తనూ వాడనివ్వదు కదా. న్యాయమే అనిపించింది. కూతురి నోటుపుస్తకంలోంచి కాగితం చింపి, "రోజూ ఉదయం 5.30 నుంచి 6.00 వరకు నడకకు అనుమతి ఇప్పించ ప్రార్థన" అని రాసిచ్చింది. (జీవితంలో ఆమె చేసిన తప్పు ఇదొక్కటే. అది కూడా నీట్‌గా, మార్జిన్ వదిలి చేసింది.) భర్త దాని మీద "పరిశీలించవలెను" అని రాసి, ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతం బిళ్లతో అతికించాడు.

మర్నాడు సంఘం ఏర్పడింది. కన్వీనర్ భర్త. ఆడవాళ్ల ఇబ్బందులు తెలిసిన మనిషిగా అత్తగారు సభ్యురాలు. ఫోను ఉంది కాబట్టి కూతురు సాంకేతిక సభ్యురాలు. అర్జీదారు తన అర్జీని తానే విచారించుకోకూడదు కనుక ఆమెకు సంఘంలో చోటు లేదు. పైగా బాక్సులు ఎవరో ఒకరు సర్దాలి.

ఐదున్నరకు సంఘం టార్చిలైటు, టేపు, గొడుగు పట్టుకుని బయల్దేరింది. ఆరుంబావుకు తిరిగొచ్చింది.

"తూర్పు మలుపులో రెండు రాళ్లు కదులుతున్నాయే" అన్నాడు భర్త, కుర్చీలో కూలబడి. "మంచిదయింది నిన్ను పంపలేదు. టీ ఉందా?"

రెండో రోజు రాళ్లు కదల్లేదు కానీ మంచుకు తడిశాయి. పొడి రోజున మళ్లీ చూడాలన్నారు. మూడో రోజు దారి పక్కన ఒక కుక్క పడుకుని ఉంది. లేచి ఉన్నప్పుడు దాని ప్రవర్తన ఎలా ఉంటుందో వారం రోజులు గమనించాలని తీర్మానించారు. ఎనిమిదో రోజుకు ఆ కుక్క అత్తగారి వెనకే నడవసాగింది. దాని పేరు నివేదికలో "స్థానికుడు" అని రాశారు.

"ఒక్క చుట్టుతో ఏం తెలుస్తుందిరా?" అని అత్తగారు కొడుకును మందలించింది. "ఎడమవైపు నుంచి మూడు చుట్లు తిరగాలి, కుడివైపు నుంచి మూడు. వానాకాలపు చెప్పులతో ఓసారి, ఎండాకాలపు చెప్పులతో ఓసారి."

నాలుగో వారంలో బరువు పరీక్ష వచ్చింది. లిఫ్టును, అది మోయాల్సిన బరువుకంటే పాతిక శాతం ఎక్కువ పెట్టి పరీక్షిస్తారు. అదే పద్ధతిలో భర్త, కూతురి పుస్తకాల సంచి భుజాన వేసుకుని దారి మీద చుట్లు కొట్టాడు. పన్నెండు రోజులు కొట్టాడు. దారి కుంగలేదు. ఆయన పొట్ట కుంగింది.

ఆమె కోసం కొన్న బూట్లను కూడా పరీక్షించకుండా ఎలా ఇస్తారు? తల్లీకూతుళ్లది ఒకటే కొలత కాబట్టి కూతురు వేసుకుని పరుగెత్తింది. చెమట పట్టేలా అని డాక్టరమ్మ చెప్పింది కదా, ఏ మలుపులో ఎంత చెమట పడుతుందో ఫోనులో రాసుకుంది. నెలన్నరకు బూట్ల అడుగుభాగాలు అరిగిపోయాయి.

"చూశావా అమ్మా, ఎంత నాసిరకమో! నువ్వేసుకుని ఉంటే జారిపడేదానివి."

"వేసుకుంటే కదే పడటానికి" అంది ఆమె, బాక్సు మూత నొక్కుతూ.

"అబ్బా, మొదలెట్టావా. మేం ముగ్గురం ఎవరి కోసం లేస్తున్నాం?"

నిజమే. వాళ్లు లేస్తున్నారు కాబట్టి ఆమె మునుపటికంటే పావుగంట ముందు లేస్తోంది, ముగ్గురికీ వేణ్నీళ్లు పెట్టడానికి.

"ఏవండీ, రెండు నెలలు దాటింది" అంది ఓ ఆదివారం. "ఇంకెన్నాళ్లు?"

"తొందరపడితే ఎలాగే? మనిషి ప్రాణంతో పని. ఇంకొక్క గాలివాన రోజు చూస్తే ఫైలు మూసేస్తా."

ఆ ఏడు గాలివాన ఆలస్యమైంది.

ఒక రోజు ఆమెకు ఓపిక నశించింది. ఎవరూ లేవలేదనుకుని, ఐదింటికి, ఆఫీసు చెప్పులే వేసుకుని వీధి తలుపు తీసి పార్కు గేటుదాకా వెళ్లింది. వెళ్లేటప్పుడు గుండె దడదడలాడింది, ముద్ర లేని కాటా వాడుతున్న కొట్టువాడి గుండెలాగా. గేటు దగ్గర అత్తగారు ఒంటికాలి మీద నిలబడి, మోకాలు వెనక్కి మడిచి, చేత్తో పట్టుకుని ఉంది. పక్కన కుక్క.

"ఇదేంటమ్మాయ్! రాసివ్వకుండానే వచ్చేశావా? వాడు ఎంత బాధపడతాడు! నీ కోసమే కదా ఆ సంచీ మోసి మోసి వాడి వీపు వాచింది."

"ఒక్క చుట్టు తిరిగొస్తాను అత్తయ్యా. ఎవరికీ చెప్పకండి."

"నేను చెప్పను తల్లీ. కానీ పొయ్యి మీద ఏం పెట్టొచ్చావు?"

పాలు. ఆమె వెనక్కి పరుగెత్తింది. (గేటునుంచి పొయ్యి దాకా నూట అరవై మీటర్లు. మూడు నెలల్లో ఆమె చెమట పట్టేలా చేసిన వ్యాయామం మొత్తం ఇదే. దీన్ని నివేదికలో చేర్చలేదు, అనుమతి లేనిది కనుక.)

గడువు నాటికి డాక్టరమ్మ దగ్గరికి నలుగురూ వెళ్లారు. ఎలాగూ వచ్చాం కదా అని తక్కిన ముగ్గురూ పరీక్షకు రక్తమిచ్చారు. కాగితాలు వచ్చాయి. భర్తకు కొవ్వు కిందికి దిగింది, బీపీ మాత్ర సగం చేశారు. అత్తగారు మోకాళ్లు పట్టుకోకుండా మెట్లెక్కి వచ్చిందని డాక్టరమ్మ నర్సును పిలిచి మరీ చూపించింది. కూతురిని కాలేజీ పరుగు జట్టులోకి తీసుకున్నారట.

తర్వాత డాక్టరమ్మ నాలుగో కాగితం చూసింది. కళ్లజోడు తీసింది.

"తొమ్మిదిన్నర. ఏంటమ్మా ఇది? ఇంట్లో అందరూ ఇంత చక్కగా నడుస్తుంటే మీకేం అడ్డం వచ్చింది?"

ఆమె భర్తవైపు చూసింది. "నాకింకా సర్టిఫికెట్ రాలేదండీ."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. పరీక్ష కాగితాల్లో అలాంటి గడి లేదు.

"కాస్త బద్ధకం డాక్టరమ్మా" అంది అత్తగారు, నొప్పించకుండా. "లేవడం మాత్రం నాలుగుంబావుకే లేస్తుంది."

"వీళ్లను చూసి నేర్చుకోండి" అని డాక్టరమ్మ సూదిమందు రాసింది. ఉదయం ఒకటి. అల్పాహారానికి ముందు, ఐదున్నర ప్రాంతంలో.

ఇంటికి రాగానే భర్త చొక్కా కూడా మార్చుకోకుండా బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. గాలివాన కోసం ఆగకుండా, ఉద్యోగ జీవితంలో మొదటిసారి ఒక పరీక్షను మినహాయించి, అదే రాత్రి సర్టిఫికెట్ రాసి సంతకం చేశాడు. దారి అన్ని విధాలా నడకకు యోగ్యం. అయితే ఉదయం ఐదున్నర నుంచి ఆరు వరకు దాని మీద ఇప్పటికే ముగ్గురు మనుషులు, ఒక స్థానికుడు క్రమం తప్పకుండా నడుస్తున్నందున, నాలుగో మనిషికి చోటు చాలదు. అర్జీదారుకు పని దినాల్లో మధ్యాహ్నం రెండు నుంచి రెండున్నర వరకు కేటాయించడమైనది. ఆ సమయంలో అర్జీదారు ఆఫీసులో ఉంటుందన్న సంగతిని సంఘం సానుభూతితో నమోదు చేసుకుంది.

సూది విషయంలో మాత్రం ఎలాంటి ఆలస్యమూ జరగలేదు. పొద్దున ఐదున్నరకు ఆమె ఖాళీగానే ఉంటుంది కాబట్టి, ఏ పరీక్షా అవసరం లేకుండా మర్నాటి నుంచే పొడుచుకోవచ్చని సంఘం ఏకగ్రీవంగా అనుమతించింది.